నగరం పారబోసే వేడి

లండన్‌లో భూగర్భ రైలు సొరంగాలు తవ్విన కొత్తలో వాటి చుట్టూ ఉన్న బంకమట్టి 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర చల్లగా ఉండేది. నూరేళ్ళకు పైగా రైళ్ళు బ్రేకులు వేస్తూ, మోటార్లు తిరుగుతూ, జనం ఎక్కి దిగుతూ ఆ మట్టికి వేడి ఎక్కించేశారు, ఇప్పుడది చాలా చోట్ల 20 డిగ్రీలు దాటిపోయి ఇక పీల్చుకునే ఓపిక లేక వేడిని సొరంగంలోనే వదిలేస్తోంది. ఆ వేడిని ఫ్యాన్లతో బయటికి తోసేస్తారు. అదే వీధిలో పైన ఇళ్ళవాళ్ళు చలికి గ్యాస్ కాల్చుకుంటూ ఉంటారు!

2020లో ఇస్లింగ్టన్ ప్రాంతంలో ఈ రెండింటినీ కలిపారు. సిటీ రోడ్ అనే స్టేషన్ 1922లోనే మూతపడింది, దాని పాత గాలి మార్గం మాత్రం మిగిలింది. అందులోంచి వచ్చే గాలి 18 నుంచి 28 డిగ్రీలుంటుంది. దాని వేడిని నీళ్ళలోకి లాగి, హీట్ పంప్ అనే యంత్రంతో ఇంకా పెంచి, అప్పటికే ఉన్న వేడినీటి పైపుల్లోకి పంపుతున్నారు. ఆ నెట్‌వర్క్ మొత్తం 1,350 ఇళ్ళకు పైగా వేడి ఇవ్వగలదు. నాకు బాగా నచ్చిందేమిటంటే, వేసవిలో అదే ఫ్యాన్‌ను తిరగేసి సొరంగంలోకి చల్లగాలి పంపొచ్చు.

ఒకే చోట వేడిచేసిన నీళ్ళను ఇన్సులేషన్ ఉన్న పైపుల్లో వీధి వీధికీ పంపడాన్ని డిస్ట్రిక్ట్ హీటింగ్ అంటారు. ఇది కొత్తదేం కాదు, అమెరికాలోని లాక్‌పోర్ట్‌లో 1877లోనే బర్డ్‌సిల్ హోలీ ఆవిరితో మొదలుపెట్టాడు. కోపెన్‌హాగన్‌లో ఇప్పుడు దాదాపు ఇళ్ళన్నీ దీనిమీదే ఆధారపడ్డాయి. మొదట్నుంచీ చాలా చోట్ల ఆ నీళ్ళను కాచడానికి ఏదో ఒకటి కాలుస్తూనే వచ్చారు. ఇప్పుడు నగరమే పారబోస్తున్న వేడిని అందులోకి మళ్ళించాలని చూస్తున్నారు.

ఆ వేడికి కొదవ లేదు. స్నానాలు చేసి, బట్టలుతికి, గిన్నెలు కడిగి వదిలేసిన నీళ్ళు చలికాలంలో కూడా బయటి గాలికన్నా వెచ్చగానే ఉంటాయి. స్టాక్‌హోమ్‌లోని హమ్మర్‌బీ ప్లాంటు శుద్ధిచేసిన మురుగునీటి నుంచి 1986 నుంచీ వేడి తీస్తోంది. హెల్సింకిలో అయితే ఒక పార్కు కిందే అలాంటి ప్లాంటు ఉంది. ఇక డేటా సెంటర్ల సంగతి చూడండి: అక్కడి సర్వర్లు, అంటే ఇంటర్నెట్‌ను నడిపే కంప్యూటర్లు, తాగే కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే బయటికొస్తుంది, మనం ఏం వెతికినా ఏం చూసినా సరే. డెన్మార్క్‌లోని ఒడెన్సేలో ఫేస్‌బుక్ కంపెనీ మెటా నడిపే డేటా సెంటర్ వేడి ఊరి పైపుల్లోకి వెళ్తోంది.

అయితే ఈ వేడంతా గోరువెచ్చనిది. చిక్కంతా అక్కడే. పది డిగ్రీల చలిలో 30 డిగ్రీల నీళ్ళున్న రెండొందల లీటర్ల తొట్టెలో, మరుగుతున్న ఒక లీటరు నీళ్ళకన్నా నలభై రెట్లకు పైగా అదనపు వేడి ఉంటుంది, కానీ దానితో గదిని 40 డిగ్రీలకు తేలేం. హీట్ పంప్ అంటే ఫ్రిజ్ సూత్రమే, చల్లటి వైపు నుంచి వేడిని లాగి వెచ్చటి వైపుకి తోస్తుంది. ఎంత ఎత్తుకు తోయాలో అంత కరెంటు తాగుతుంది. 25 డిగ్రీల నుంచి 75కి తేవాలంటే ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు, మూడున్నర యూనిట్ల వేడి వస్తుంది, అదే 55 దగ్గర ఆపితే ఐదు దాకా రావొచ్చు.

అందుకే నా దృష్టిలో అసలు పని కొత్త వేడి వెతకడం కన్నా పైపుల్లో నీళ్ళ ఉష్ణోగ్రత తగ్గించడమే. పాతవాటిలో ఆవిరి పారేది, తర్వాత ఒత్తిడిలో ఉంచి వంద డిగ్రీలు దాటించిన నీళ్ళు, ఆ తర్వాత వందలోపు, ఇప్పుడు కడుతున్నవి 50-60కి దిగుతున్నాయి. అయితే ఇంట్లో ఆ నీళ్ళతో గదిని వెచ్చబరిచే రేడియేటర్ పెద్దది కావాలి, గోడల నుంచి వేడి కారకూడదు, వాడుకునే వేడినీళ్ళలో జబ్బు తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరగకుండా చూసుకోవాలి. ఇంటింటికీ తిరిగి చేయాల్సిన ఓపిక పని ఇది, ఫోటోలకు పనికిరాదు, కాబట్టి దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇంకోటి, సర్వర్లు వేసవిలో కూడా అంతే వేడెక్కుతాయి, ఇళ్ళకేమో అప్పుడు అక్కర్లేదు. డెన్మార్క్‌లోని వోయెన్స్‌లో సౌరవేడి దాచుకోడానికి రెండు లక్షల ఘనమీటర్ల నీటి గుంట తవ్వారు, అలాంటివే ఇక్కడా అక్కరకొస్తాయి. ఇది పెద్ద ఖర్చు, కానీ నీళ్ళకన్నా చవగ్గా వేడి దాచేది దొరకడం కష్టం.

జర్మనీ 2023లో చట్టమే తెచ్చింది: 2026 జూలై నుంచి కొత్తగా మొదలయ్యే డేటా సెంటర్లు, మినహాయింపులు పోను, వాడే శక్తిలో కనీసం 10 శాతాన్ని తిరిగి వినియోగంలోకి తేవాలి, 2028 జూలై నుంచి మొదలయ్యేవి 20 శాతం. అంటే ఎక్కడ కట్టాలనే ప్రశ్న ముందే వస్తుంది. ఊరికి దూరంగా పొలాల మధ్య కట్టేశాక దాని గోరువెచ్చటి వేడిని కిలోమీటర్ల కొద్దీ మోయడానికి పైపుల ఖర్చు గిట్టదు. ఇళ్ళ పక్కనే ఉంటే ఒక రోడ్డు తవ్వితే చాలు.