బహీ మీద వేలిముద్ర: పంజాబ్ ముస్లిం రైతుల అప్పుల నేపథ్యం

పంతొమ్మిదో శతాబ్దం చివర పశ్చిమ పంజాబ్‌లో సేద్యం చేసేవారు ఎక్కువగా ముస్లింలు. వారికి అప్పిచ్చేది ఎక్కువగా అరోరా, ఖత్రీ కులాల హిందూ వర్తకులు. థోర్‌బర్న్ అనే బ్రిటిష్ అధికారి 1886లో ముసల్మానులు, వడ్డీ వ్యాపారులు అన్న మాటలను శీర్షికలోనే పెట్టి పుస్తకం వెలువరించడంతో సమస్యకు మతం రంగు అంటుకుంది. అప్పు పెరిగిన తీరు చూస్తే మాత్రం మూలం వేరే చోట కనిపిస్తుంది.

షావుకారు సిక్కు రాజ్యంలోనూ ఉన్నాడు. అయితే 1849లో పంజాబ్‌ను కలుపుకున్న బ్రిటిష్ ప్రభుత్వం రైతుకు అమ్ముకోదగిన భూమి హక్కు ఇచ్చి, శిస్తును గడువు తప్పకుండా నగదుగా కట్టమంది. భూమికి ధర వచ్చేసరికి అప్పు సులువుగా పుట్టింది. వడ్డీపై పరిమితులు 1855లోనే తొలగిపోయాయి. సివిల్ కోర్టులు వచ్చాక డిక్రీ తెచ్చుకోవడమూ తేలికైంది.

ఎద్దు చచ్చినా, కూతురి పెళ్లి వచ్చినా, కిస్తు గడువు ముంచుకొచ్చినా రైతు వెళ్లేది ఒకే దుకాణానికి. అక్కడి పద్దుల పుస్తకాన్ని బహీ అనేవారు. అచ్చుల గుర్తులు లేని లండా లిపిలో రాసిన ఆ పద్దును రాసినవాడు తప్ప మరొకరు చదవడం కష్టం. చదువురాని రైతు దాని కింద వేలిముద్ర వేసేవాడు. కోర్టులో సాక్ష్యం ఆ పుస్తకమే. తర్వాత రావల్పిండి ప్రాంతంలో థోర్‌బర్న్ స్వయంగా విచారించిన 742 కుటుంబాల్లో, ఒకసారి చిక్కుకున్నాక బయటపడినవి 13 మాత్రమే.

అప్పుల కసి తిరుగుబాటుగా మారుతుందని భయపడిన ప్రభుత్వం 1900లో భూమి పరుల చేతికి పోకుండా అడ్డుకునే భూమి అన్యాక్రాంత చట్టం చేసింది. వ్యవసాయ కులాలుగా గుర్తించినవారి భూమిని ఇతరులు శాశ్వతంగా కొనరాదు; స్వాధీన తాకట్టు (అప్పిచ్చినవాడే భూమిని అనుభవించే తాకట్టు) పెట్టుకున్నా 20 ఏళ్లు మించరాదు. ఈ రక్షణ ముస్లిం రైతుతో పాటు, సేద్యం చేసే జాట్ కులంలో రోహ్‌తక్ (నేటి హర్యానా) హిందువుకూ, సిక్కుకూ వర్తించింది కనుక, దీన్ని మతాల తగవుగా మాత్రమే చదవడం పొరపాటు.

అయినా అప్పు తగ్గలేదు. 1920ల నాటికి భూయజమానుల్లో అప్పు లేనివారు 17 శాతమేనని బ్రిటిష్ అధికారి మాల్కం డార్లింగ్ లెక్కగట్టాడు. వర్తకుడికి మూసిన దారిలో భూమి ఉన్న రైతే వడ్డీ వ్యాపారిగా దిగాడు. వర్తకుడేమో బేనామీ పేర్లతో భూమి పట్టాడు. 1938లో రైతు నాయకుడు ఛోటూ రామ్ ముఖ్య పాత్ర వహించిన పంజాబ్ యూనియనిస్టు పార్టీ ప్రభుత్వం బేనామీ లావాదేవీలను చెల్లకుండా చేసి, 1900 నాటి చట్టం అమల్లోకి వచ్చిన 1901 జూన్ 8కి ముందు తాకట్టులోకి పోయిన భూములను రైతులకు తిరిగి ఇప్పించే చట్టం తెచ్చింది.