నొప్పి పోయిందని మానేయకండి: జపాన్ పంటి వైద్యంపై అపోహలు, వాస్తవాలు

టోక్యోలోని నిషి కసాయ్ చుట్టుపక్కల పంటి వైద్యశాలలకు మనవాళ్ళ వెంట దుబాసీగా వెళ్తుంటాను. ప్రతి వారం ఒకే ఫిర్యాదు వింటున్నాను: "ఒక్క పన్నుకు ఆరుసార్లు రమ్మంటున్నారండీ, డబ్బు కోసం సాగదీస్తున్నారు." ఈ మాట నమ్మి పళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. అందుకే ముందు దీని సంగతి తేలుస్తాను.

అపోహ: అన్నిసార్లు పిలిచేది డబ్బు కోసమే.

వాస్తవం: హోకెన్ (జపాన్ ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద చేసే ప్రతి పనికీ ప్రభుత్వమే పాయింట్లు నిర్ణయిస్తుంది. పాయింటుకు 10 యెన్లు, దేశమంతటా అదే ధర. ఉద్యోగం చేసుకునే మనం అందులో 30 శాతం కడతాం. మళ్ళీ వెళ్ళినందుకు పడే రుసుములో మన వాటా సుమారు 200 యెన్లు. దీనితో ఎవరూ మేడలు కట్టలేరు! అపాయింట్‌మెంటు చాలాచోట్ల అరగంటే. రూట్ కెనాల్‌లో పాడైన నరం తీసి, లోపల శుభ్రం చేసి, మందు పెట్టి, తాత్కాలికంగా మూసి, వారం తర్వాత మళ్ళీ తెరుస్తారు. అన్నిసార్లు పట్టేది అందుకే.

నరం తీసేయగానే నొప్పి పోతుంది. నయమై పోవడం కాదది, నొప్పిని తెలిపే నరమే ఇక లేదు. పైన పెట్టిన మూత కొద్ది వారాల కోసమే. అది అరిగితే ఉమ్మితో పాటు క్రిములు లోపలికి దిగుతాయి, వేరు చివర ఎముక చడీచప్పుడు లేకుండా కరిగిపోతుంది.

నిరుడు ఒక అబ్బాయి రెండుసార్లు వెళ్ళి మానేశాడు. "సంక్రాంతికి ఊరెళ్తాను కదా అక్కా, అక్కడ ఒక్కరోజులో చేయించుకుంటాను" అన్నాడు. సెలవు దొరకలేదు. వేసవిలో దవడ వాచి, రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు. పన్ను తీసేయక తప్పలేదు. పోయిన పన్ను చోట ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, అదే ఇంప్లాంటు, మామూలుగా హోకెన్ కిందికి రాదు, ఒక్క పన్నుకే మూడు నాలుగు లక్షల యెన్లు అవుతుంది. అతను మానేసిన రోజుకు మిగిలినవి మూడు అపాయింట్‌మెంట్లు. ఆ లెక్క నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇక మిగతావి. హోకెన్‌లో వెండి రంగు క్యాపులే వేస్తారన్నది పాత మాట. కోరపళ్ళ వెనక ఉండే రెండేసి పళ్ళకు 2014 నుంచి తెల్ల క్యాపులు వస్తున్నాయి, పెద్ద దవడ పళ్ళకూ కొన్ని షరతులతో ఇస్తున్నారు. గార తీయమంటే ఎక్స్‌రే ఎందుకంటారా? హోకెన్ దాన్ని చిగుళ్ళ చికిత్సగా చూస్తుంది, కాబట్టి ముందు పరీక్ష తప్పదు. మత్తు ఇవ్వరన్నది ఎవరు పుట్టించారో తెలియదు, శుద్ధ అబద్ధం.

భాష రాదని భయపడేవాళ్ళను మాత్రం నేను తప్పుపట్టను. నా మొదటిసారి, ముఖం మీద తువ్వాలు కప్పగానే గుండె దడదడలాడింది. కళ్ళలో వెలుగూ నీళ్ళూ పడకుండా కప్పుతారని తర్వాత తెలిసింది. నొప్పెడితే ఎడమ చెయ్యి ఎత్తండి, చాలాచోట్ల వెంటనే ఆపుతారు. మొదటిరోజు నింపే కాగితంలో హోకెన్ చికిత్సే కావాలా, నొప్పి ఉన్న పన్ను ఒక్కటే చూడాలా అని చాలాచోట్ల అడుగుతారు. ఫోనులో అనువదించుకుని తాపీగా నింపండి.

ఊరెళ్ళే తేదీ ఉంటే మొదటిరోజే చెప్పండి, దానికి తగ్గట్టు పని సర్దుతారు. మధ్యలో మారక తప్పకపోతే "షోకైజో" అని అడగండి. ఎంతవరకు చేశారో రాసిన ఆ ఉత్తరం, ఎక్స్‌రే నకలు చేతిలో ఉంటే హైదరాబాదులోనైనా ఆగినచోటి నుంచే కొనసాగించడం తేలిక.