ఉదయం ఎవరిది? చర్చాదినం తగవు వెనుక 421 జీవో

అణచివేత, సామాజిక న్యాయం అంశంగా హనుమకొండలో ఒక రోజంతా కమ్యూనిటీ సైకాలజీ (మనిషి మనసును అతను బతికే సమాజంతో కలిపి చూసే శాస్త్రం) చర్చ జరపాలన్న ఆలోచన మళ్లీ తగవులో పడింది. మొదటి ముసాయిదా ప్రకారం ఆత్మహత్య చేసుకున్న కౌలు రైతుల కుటుంబాలు పొద్దున్నే మాట్లాడాలి. రెండో ముసాయిదా వచ్చేసరికి ఉదయమంతా నిపుణుల ప్రసంగాలకు పోయింది. కుటుంబాలకు భోజనాల తర్వాత అరగంట మిగిలింది. ఇది సమయాల సర్దుబాటు మాత్రమేనని నిర్వాహకుల్లో కొందరు అంటున్నారు. మిగతావారు ఒప్పుకోవడం లేదు. వారు ఎందుకు ఒప్పుకోవడం లేదో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి, అయితే మరీ వెనక్కి అక్కర్లేదు.

1965 మే నెలలో అమెరికాలోని స్వాంప్‌స్కాట్‌లో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సమావేశమై, మనిషి బాధకు కారణాలను ఆసుపత్రి గదిలోనే కాక అతను బతికే చోట కూడా వెతకాలన్నారు. కమ్యూనిటీ సైకాలజీ అక్కడ పుట్టిందని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ఇక 1997-98లో జరిగిన పత్తి రైతుల ఆత్మహత్యల గురించి వరంగల్‌లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. చెల్క భూముల్లోకి పాకిన పత్తి, ఎంత మందు కొట్టినా చావని లద్దె పురుగు, విత్తనం నుంచి పురుగుమందు దాకా అన్నీ అప్పుగా ఇచ్చి చివరికి పంటను కూడా తానే కొనే వ్యాపారి: ఇదంతా ఇక్కడి ఇళ్లలో ఇంకా చెప్పుకునే సంగతే. కానీ అంత వెనక్కి వెళ్లక్కర్లేదు, ఇప్పటి తగవుకు అసలు మూలం 2004 జూన్ 1న వెలువడిన 421 నంబరు జీవోలో ఉంది.

ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ఇస్తామని నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అందులో చెప్పింది. అంతవరకు మంచిదే. అయితే ఆ చావు సాగు అప్పుల వల్లే జరిగిందని తేల్చే పని డివిజన్ స్థాయిలో ముగ్గురి చేతిలో పెట్టారు: ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు. ఒక మనిషి ప్రాణం ఎందుకు తీసుకున్నాడో తేల్చాల్సిన ఈ ముగ్గురిలో మనసు గురించి చదువుకున్నవారు లేరు, ఆ ఊరివారూ లేరు.

విచారణ కాగితాలతో మొదలవుతుంది. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, పట్టాదారు పాసు పుస్తకం, అప్పు పత్రాలు కావాలి. ప్రామిసరీ నోటు ఉండేది అప్పిచ్చినవాడి దగ్గర. కౌలు నోటిమాట మీద నడుస్తుంది కాబట్టి దానికి కాగితమే ఉండదు. సొంత భూమి ఉన్నా అది చాలాసార్లు మామగారి పేరు మీద ఉంటుంది. వీటన్నిటినీ దాటుకుని వచ్చినా, పంచనామాలో తాగుడు అనో, కుటుంబ కలహాలు అనో పడిందంటే ఆ దరఖాస్తు నిలవడం కష్టం. అప్పులవాళ్లు గడప ఎక్కుతుంటే తాగినవాడిని, తాగి వచ్చాడని ఇంట్లో గొడవపడ్డ భార్యను ఏ గడిలో రాయాలి? జీవోకు ఆ ప్రశ్న లేదు. దాని లెక్కలో మనసు వేరు, పొలం వేరు.

జాతీయ నేర గణాంకాల సంస్థ పట్టికలూ ఇదే పద్ధతిలో నడుస్తాయి. 2022లో దేశంలో జరిగిన ఆత్మహత్యల్లో 31.7 శాతానికి కుటుంబ సమస్యలు, 18.4 శాతానికి అనారోగ్యం కారణమని ఆ సంస్థ చెప్పింది. ఆ కుటుంబానికి ఆ సమస్యలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పే గడి పట్టికలో లేదు.

రెండో ముసాయిదాను సమర్థించేవారి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. పరాయివాళ్ల ముందు దుఃఖాన్ని తవ్వితే గాయం మళ్లీ రేగుతుందని, నిపుణులు ముందు మాట్లాడితే వినేవారికి ఒక చట్రం ఏర్పడుతుందని వారు అంటున్నారు. సభ రాజకీయ వేదిక అవుతుందేమోనన్న భయమూ, శాస్త్రం ఎవరి పక్షమూ వహించకూడదన్న మాటా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి, 14416 టెలీ మానస్ సహాయ నంబరు గురించి ఊళ్లలో చాలామందికి ఇంకా తెలియదు కాబట్టి ముందు అది చెప్పాలంటున్నారు. చెప్పాల్సిందే.

మొదటి ముసాయిదా కావాలనేవారు దీనికి శ్రీలంకను చూపిస్తారు. 1995 ప్రాంతంలో ఆ దేశంలో లక్ష మందికి దాదాపు 47 ఆత్మహత్యలు జరిగేవి. అతి విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించాక, తర్వాతి ఇరవై ఏళ్లలో ఆ రేటు సుమారు 70 శాతం తగ్గింది. అంటే దుకాణంలో ఏ మందు అమ్మాలన్న నిర్ణయం కూడా మానసిక ఆరోగ్య నిర్ణయమే. ఒత్తిడిని తట్టుకోవడమెలాగో రైతుకు నేర్పే ప్రసంగంలో ఈ సంగతికి చోటు దొరకదు.

శాస్త్రం పక్షం వహించకూడదన్న మాటకూ వారి దగ్గర జవాబు ఉంది. ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం సాగుతున్నప్పుడు ఇగ్నాసియో మార్టిన్ బారో అనే జెస్యూట్ (ఒక క్యాథలిక్ మత సంఘం) ఫాదర్, మనస్తత్వ శాస్త్రవేత్త ప్రజాభిప్రాయ సర్వేలు చేశాడు. యుద్ధం మీద సర్కారు చెప్పేదానికీ జనం కోరేదానికీ పొంతన లేదని వాటిలో తేలింది. ఆయన పక్షం వహించింది జనాన్ని అడగడం ద్వారానే. 1989 నవంబరు 16న సైనికులు ఆయన్ని, మరో ఐదుగురు ఫాదర్లను, వారి వంటమనిషిని, ఆమె కూతురిని విశ్వవిద్యాలయంలోనే కాల్చి చంపారు.

ముసాయిదా మార్పు మాట వచ్చినప్పుడల్లా లాహోర్ ప్రస్తావన కూడా వస్తోంది. 1936లో అక్కడ కుల నిర్మూలన కోసం పనిచేసే ఒక మండలి అంబేడ్కర్‌ను వార్షిక సభకు అధ్యక్షుడిగా పిలిచి, ప్రసంగ పాఠం చూశాక కొన్ని భాగాలు తీసేయమంది. కామా కూడా మార్చనన్నాడాయన. సభే రద్దయింది, ప్రసంగాన్ని ఆయన సొంత ఖర్చుతో అచ్చువేశాడు. మన తగవుకు ఈ పోలిక కాస్త పెద్దదే. కానీ ఎవరి మాట ఎవరు కుదించారన్న లెక్క ఒకటే.

2004 తర్వాత జరిగినదాంట్లో ఇక్కడికి పనికొచ్చేవి రెండు. 2015లో తెలంగాణ ప్రభుత్వం 194 జీవోతో పరిహారాన్ని 6 లక్షలకు పెంచింది, విచారణ పద్ధతి మాత్రం అలాగే ఉంది. 2018 ఆగస్టులో రైతుబీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. భర్త ఎందుకు చనిపోయాడో ఆఫీసుల చుట్టూ తిరిగి రుజువు చేయాల్సిన పని ఆ ఇంటి ఇల్లాలికి తప్పింది. పెద్ద ఊరటే. దాంతోపాటే, ఎందుకు చనిపోయాడని అడిగే అవసరం కూడా తప్పిపోయింది. పట్టా లేని కౌలు రైతు ఈ బీమాలోకి రాడు. కౌలుదారుల కోసం 2011లో చట్టం చేసి రుణ అర్హత కార్డులు తెచ్చినా, తెలంగాణలో వాటిని పట్టించుకున్నవారు లేరు. కాబట్టి ఇవాళ్టికీ కాగితాలు పట్టుకుని రుజువు చేయాల్సి వస్తున్నది ప్రధానంగా కౌలు కుటుంబాలే. మొదటి ముసాయిదా ఉదయం కేటాయించింది వారికే.

తేదీ మీద కూడా పేచీ ఉంది. మొదట అనుకున్న రోజు పత్తి ఏరే రోజుల మధ్యలో పడింది. ఏరడానికి కూలీలు దొరకని సమయంలో ఆ ఆడవాళ్లు కూలి వదులుకుని, బస్సు ఎక్కి హనుమకొండ రావాలంటే ఎవరు వస్తారని ఒకామె ఫోనులో అడిగే దాకా ఎవరికీ తట్టలేదు. తేదీని పత్తి ఏరడం అయిపోయేదాకా జరపడానికి, వచ్చేవారికి ఛార్జీతో పాటు రోజు కూలి ఇవ్వడానికి రెండు వర్గాలూ ఒప్పుకున్నాయి. ఉదయం ఎవరిదన్నది వచ్చే సమావేశంలో తేల్చాలి. ఆ సమావేశానికి ఈసారి కుటుంబాల నుంచి ఇద్దరిని పిలిచారు.