ఆకుమడి

అమ్మడూ, చిన్నోడా,

మొన్న ఫోన్లో అమ్మడు అడిగింది కదా, "తాతయ్యా, ఫాదర్స్ డేకి మీ నాన్నకి ఏం గిఫ్టిచ్చేవాడివి?" అని. ఫోన్లో తేలే సంగతి కాదమ్మా, అందుకే ఈ ఉత్తరం.

జూన్ మూడో ఆదివారం మీకు పండగ. మాకేమో కాలవలకు నీళ్ళొచ్చే రోజులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందగ్గర్నుంచీ మన డెల్టా అంతా ఆ నీటి కోసమే ఎదురుచూస్తుంది. నీళ్ళు రాగానే ఆకుమడి పని. వరి నారు పోసే మడి అన్నమాట, ఆ నారునే మేం ఆకంటాం. ఎకరం చేనుకి ఐదు సెంట్ల ముక్క చాలు. విత్తనాలు ఒకరోజు నానబెట్టి, ఇంకోరోజు గోనెసంచుల కింద మండె కట్టి, తెల్లటి మొలక రాగానే చల్లుతారు. ఇప్పుడు చాలామంది నేరుగా వెదజల్లేస్తున్నారు గానీ, మనింట్లో ఇంకా ఆకుమడే.

నన్నడిగితే నాన్నంటే ఆ ఆకుమడి. పెద్ద వాన పడితే మొలకంతా ఓ మూలకి కొట్టుకుపోతుంది, అందుకని అర్ధరాత్రయినా లేచెళ్ళి గట్టుకి గండి కొట్టి నీళ్ళు తీసేయాలి. పాతిక రోజులకి ఆకు పీకి, కట్టలు కట్టి పెద్ద చేలో ఊడుస్తారు, అంటే నాటుతారు. అక్కడ వారం రోజులు పసుపు తిరిగి దిగాలుగా ఉండి, అప్పుడు మూన తిరుగుతుంది, అంటే వేరు పట్టి పచ్చబడుతుంది. కాకినాడ హాస్టల్లో చేరిన కొత్తలో నేనూ అచ్చం అంతే. కోతలయ్యాక చేను ఎన్ని బస్తాలు పండిందనే అడుగుతారు, ఆకుమడి ఊసెవరూ ఎత్తరు. మిగిలిన ఆకేదో చివర్లో దాంట్లోనే ఊడ్చేస్తారు. ఇక్కడికొచ్చేసరికి నా పోలిక మొండికేస్తోంది, పోనీండి.

మీ ముత్తాతగారు నన్ను సైకిలు మీద బడికి తీసుకెళ్ళేవారు. బారు గుచ్చుకోకుండా దానికి తన తువ్వాలు చుట్టేవారు. నాకదో దర్జా. ఒంటిపూట బడుల రోజుల్లో, మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చేటప్పుడు, ఆ తువ్వాలు ఆయన తల మీద ఉండాల్సిందని నాకు ఎప్పుడు తట్టిందో తెలుసా? మీ నాన్నని స్కూటరు ముందు నిలబెట్టుకుని ఎండలో తిప్పినప్పుడు. ఆ వారమే ఊరెళ్ళి, "నాన్నగారూ, ఆ తువ్వాలు..." అని మొదలెట్టాను. "ఏ తువ్వాల్రా?" అన్నారు.

ఇంక థాంక్స్ దేనికి చెప్పను! ఆ తర్వాత ఎప్పుడు ఊరెళ్ళినా సాయంత్రాలు ఆయనతో చేలగట్ల మీద నడిచేవాణ్ణి. చెప్పిందే చెప్పేవారు, వినేవాణ్ణి. ఆయనకి కావలసింది కూడా అదేనని నా అనుమానం.

కార్డివ్వొద్దనడం లేదు. ఇవ్వండి, రంగులు బాగా వెయ్యండి. దాంతోపాటు మీ నాన్న చిన్నప్పటి సంగతొకటి అడిగి, మధ్యలో ఫోన్ చూడకుండా వినండి. స్కూటరు సంగతి అడిగితే నా మీద చాడీలు చెప్తాడు, అవీ వినండి.

వీలైతే ఈసారి నారు పెరిగే రోజుల్లో రండి. రాత్రి వాన పడితే లేపుతాను. టార్చిలైటు అమ్మడు పట్టుకోవాలి, పార నేను తెస్తాను. చెప్పులు మాత్రం ఇంట్లోనే వదిలేసి రండి, బురదలో ఉండిపోతాయి.

మీ తాతయ్య