మొదటి ఈ-సిగరెట్ ఏది కొనాలి అని అడిగేవారికి

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు సిగరెట్ మానాలనుకునే కుర్రాళ్లు మొదట అడిగేది ఈ-సిగరెట్ గురించే. ఏ కంపెనీది మంచిది, ఎంత నికోటిన్ ఉన్నది తీసుకోవాలి అని.

మన దేశంలో ఏదీ కొనడానికి లేదు. 2019లో వచ్చిన చట్టం వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధించింది. అమ్ముతూ మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దొంగచాటుగా వచ్చే సరుకులో ఏం కలిపారో ఎవరూ పరీక్షించి ఉండరు. 2019-20లో అమెరికాలో వేపింగ్ (ఈ-సిగరెట్ ఆవిరి పీల్చడం) వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. గంజాయి నూనెలో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ అందుకు ముఖ్య కారణమని తేలింది.

అయినా ఆ కుర్రాళ్ల ఆలోచనలో తప్పు లేదు. అలవాటు చేసేది నికోటిన్. క్యాన్సర్, గుండెపోటు తెచ్చేది ఎక్కువగా పొగాకు కాలినప్పుడు పుట్టే పొగ. అందులో 7,000కు పైగా రసాయనాలున్నాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని అంటుకుంటుంది. తునికాకు బీడీ ఇంకా కష్టం, ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ లాగాలి. మరి కాల్చకుండా నికోటిన్ మాత్రమే దొరికే దారి ఉందా? ఉంది, మందుల షాపులో: నికోటిన్ గమ్, చర్మానికి అంటించుకునే ప్యాచ్. బ్రిటన్ వంటి చోట్ల జరిగిన పరిశోధనల్లో వీటికంటే ఈ-సిగరెట్ తోనే కాస్త ఎక్కువమంది మానగలిగారన్నది నిజమే. కానీ మనకు చట్టబద్ధంగా దొరికేవి ఇవే, సరిగ్గా వాడితే పనిచేస్తాయి.

ఆ "సరిగ్గా" దగ్గరే చాలామంది దెబ్బతింటారు. గమ్‌ని బబుల్‌గమ్‌లా గబగబా నమిలేస్తారు. నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోయి వెక్కిళ్లు, వికారం వస్తాయి, పొగ మీద యావ మాత్రం తగ్గదు. "ఇది మనకి పడదు" అని పడేస్తారు. నెమ్మదిగా నమలాలి. నాలుక మీద చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమిలి, ఈసారి రెండో పక్కన పెట్టాలి. ఇలా అరగంట. నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా రక్తంలో కలవాలి, నోట్లో పులుపు (ఆమ్లం) ఉంటే సరిగా కలవదు. అందుకే గమ్‌కి 15 నిమిషాల ముందు నుంచీ, గమ్ నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు. టీ కొట్టు దగ్గరే దమ్ము గుర్తొచ్చే మనవాళ్లకు ఇది పెద్ద పరీక్షే. ముందు టీ తాగేసి, నోరు పుక్కిలించి, కాసేపాగి గమ్ వేసుకోండి.

లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవారికి 2 మి.గ్రా. గమ్ చాలకపోవచ్చు, 4 మి.గ్రా. డాక్టరు చీటీ మీద తీసుకోండి. గుండె జబ్బున్నవారు, గర్భిణులు ఏదైనా డాక్టర్ని అడిగాకే. మానేశాక మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, టెన్షన్ బాగా ఉంటాయి. 1800-11-2356కి ఉచితంగా ఫోన్ చేస్తే సలహాదారులు మాట్లాడతారు.

అడ్డపొగ తాగే అమ్మలు, అమ్మమ్మల గురించి విడిగా చెప్పాలి. చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడంతో వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి, అక్కడే క్యాన్సర్ పుట్టవచ్చు. వాళ్లు చుట్ట మానినా ఒకసారి టార్చి వేసి అంగిలి చూడండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలకీ మానని పుండు కనిపిస్తే వెంటనే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.