సగటు, మధ్యగతం, బాహుళకం: బోధనలో అపోహలు - వాస్తవాలు

పదవ తరగతి గణితంలో సాంఖ్యక శాస్త్రం పుస్తకం చివరి భాగంలో వస్తుంది. అప్పటికి పరీక్షలు దగ్గరపడి ఉంటాయి కనుక మూడు సూత్రాలు నల్లబల్ల మీద రాసి, ఒక్కొక్క నమూనా లెక్క చేయించి ముందుకు సాగడం చాలా చోట్ల జరుగుతున్నదే. సూత్రాలు గుర్తుపెట్టుకున్న విద్యార్థికి మార్కులు వస్తాయి. కానీ ఒక దత్తాంశాన్ని, అంటే సేకరించిన విలువల జాబితాను, ముందుంచి, ఇక్కడ సగటు వాడాలా, మధ్యగతం వాడాలా, ఎందుకు అని అడిగితే ఆ విద్యార్థే మౌనంగా ఉండిపోతాడు. గణితం బోధించేవారికి ఆందోళన కలిగించవలసింది ఆ మౌనమేనని నా అభిప్రాయం. దాని వెనుక ఉన్న అపోహల్లో చాలావరకు మన బోధన నుండే పిల్లలకు చేరుతున్నాయి.

అపోహ: మూడూ ఒకే ప్రశ్నకు మూడు జవాబులు, వాటిలో సగటే అసలైనది.

వాస్తవానికి ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఉన్న మొత్తాన్ని అందరికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుందో సగటు చెబుతుంది. విలువలన్నింటినీ చిన్నదాని నుండి పెద్దదాని వరకు వరుసగా పేరిస్తే నడిమి స్థానంలో ఏముంటుందో మధ్యగతం చెబుతుంది. అన్నింటికంటే ఎక్కువసార్లు కనిపించేది ఏదో బాహుళకం చెబుతుంది. ప్రశ్న ఏమిటో తేల్చుకోకుండా సూత్రం ఎంచుకోవడం సాధ్యం కాదు.

దత్తాంశం స్వభావం కూడా ఈ ఎంపికను శాసిస్తుంది. తరగతిలోని పిల్లల రక్తవర్గాలను సేకరిస్తే వాటికి సగటు ఉండదు, మధ్యగతమూ ఉండదు, బాహుళకం ఒక్కటే ఉంటుంది. ఎ1, ఎ2, బి1 వంటి గ్రేడ్లకు ఒక క్రమం ఉంది కనుక మధ్యగతం చెప్పవచ్చు గాని, వాటిని గ్రేడు పాయింట్లుగా మారిస్తే తప్ప సగటు కట్టలేము. అంకెల్లో ఉన్నంత మాత్రాన ప్రతిదానికీ సగటు తీయకూడదని చెప్పడానికి పిన్‌కోడ్ మంచి ఉదాహరణ. పది మంది పిల్లల ఇళ్ల పిన్‌కోడ్లను కూడి పదితో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది, కానీ దానికి అర్థమేమీ ఉండదు. ఈ చర్చకు ఒక పీరియడ్ కేటాయిస్తే తరువాతి లెక్కలన్నీ తేలికవుతాయి.

అపోహ: సగం మంది సగటుకు పైన, సగం మంది సగటుకు కింద ఉంటారు.

అన్నింటికంటే లోతుగా పాతుకుపోయిన అపోహ ఇదే. పెద్దల్లోనూ, పత్రికా కథనాల్లోనూ కనిపిస్తుంది. ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. నలుగురు రైతులకు తలా 2 ఎకరాలు, ఐదవ రైతుకు 42 ఎకరాలు ఉన్నాయనుకుంటే మొత్తం 50 ఎకరాలు, సగటు 10 ఎకరాలు. ఐదుగురిలో నలుగురు సగటుకు దిగువనే ఉన్నారు. పది ఎకరాల రైతు ఆ ఐదుగురిలో ఒక్కరు కూడా లేరు. మధ్యగతం, బాహుళకం రెండూ 2 ఎకరాలు. ఇక్కడ సగటు తప్పు కాదు, భూమిని సమానంగా పంచితే తలా పది ఎకరాలు వచ్చే మాట నిజమే. ఆ ఊళ్లో సామాన్య రైతు ఎలా ఉన్నాడన్న ప్రశ్నకు దాన్ని జవాబుగా చూపడమే తప్పు.

సగటు వాస్తవంగా ఏమి చేస్తుందో పిల్లలు కళ్లతో చూడాలి. అందుకు 30 సెంటీమీటర్ల స్కేలు, పెన్సిలు, ఒకే విలువ గల ఐదు నాణేలు చాలు. స్కేలు మీద 5, 10, 12, 19, 29 గుర్తుల వద్ద నాణేలు ఉంచి, పెన్సిలును 15 వద్ద ఆధారంగా పెడితే స్కేలు నిలుస్తుంది. ఈ ఐదు సంఖ్యల సగటు 15. ఎడమవైపు దూరాలు 10, 5, 3, వాటి మొత్తం 18. కుడివైపు దూరాలు 4, 14, వాటి మొత్తమూ 18. ఎడమన మూడు నాణేలు, కుడిన రెండు ఉన్నా స్కేలు ఒరగదు. అంటే సగటుకు ఇరువైపులా సమానంగా ఉండేవి దూరాల మొత్తాలే గాని నాణేల సంఖ్య కాదు. సగటు నుండి విచలనాల (కుడివైపు దూరాలను ధనంగా, ఎడమవైపు దూరాలను ఋణంగా తీసుకున్న తేడాల) మొత్తం సున్నా అన్న ధర్మం ఇక్కడ పిల్లల చేతికే తగులుతుంది. తరువాత పెన్సిలును మధ్యగతమైన 12 వద్దకు జరిపి చూపిస్తే స్కేలు కుడివైపుకు ఒరుగుతుంది. ఉపాధ్యాయులు ఒక జాగ్రత్త తీసుకోవాలి: స్కేలుకూ సొంత బరువు ఉంటుంది కనుక సగటు సరిగ్గా 15 వచ్చేలా సంఖ్యలు ఎంచుకోవాలి. లేకపోతే ప్రయోగం విఫలమై, పిల్లలు సూత్రాన్నే అనుమానిస్తారు.

ఇదే అపోహ చరిత్రను కూడా తప్పుగా చదివిస్తుంది. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో భారతదేశంలో పుట్టిన శిశువుకు సగటు ఆయుర్దాయం సుమారు 32 సంవత్సరాలు. దీన్ని విన్న విద్యార్థులు ఆ రోజుల్లో మనుషులు ముప్పై దాటగానే మరణించేవారని, ముసలివారే ఉండేవారు కాదని ఊహించుకుంటారు. పుట్టిన ఏడాదిలోనూ, ఐదేళ్లలోపూ పెద్ద సంఖ్యలో పిల్లలు చనిపోవడమే ఆ సగటును అంతగా కిందికి లాగింది. బాల్యం దాటి బతికినవారిలో చాలామంది అంతకంటే ఎంతో ఎక్కువ కాలం జీవించారు. ముత్తాతల వయసుల గురించి ఇంట్లో అడిగి రమ్మంటే ఈ విషయం పిల్లలకు మరింత బాగా అర్థమవుతుంది.

అపోహ: మిగతావాటికి చాలా దూరంగా ఉన్న విలువ ఒక్కటున్నా సగటును పక్కనపెట్టి మధ్యగతమే వాడాలి.

పై ఉదాహరణ చెప్పిన వెంటనే తరగతి రెండవ కొసకు వెళ్లిపోతుంది కనుక ఈ అపోహను అప్పుడే సరిచేయాలి. మొత్తం ఎంతో తెలియవలసిన చోట సగటుకు ప్రత్యామ్నాయం లేదు. మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల్లో రోజుకు ఒక్కొక్కరికి 100 గ్రాముల ధాన్యం చొప్పున కేటాయింపు ఉంటుంది. నెలకు ఎంత బియ్యం అవసరమో లెక్కకట్టాలంటే రోజువారీ హాజరు సగటును పనిదినాలతోనూ 100 గ్రాములతోనూ గుణించాలి. హాజరు మధ్యగతంతో గుణిస్తే వచ్చేది నెల మొత్తం కాదు, పండుగ ముందు రోజుల్లో హాజరు బాగా పడిపోయినప్పుడు ఆ తేడా స్పష్టంగా బయటపడుతుంది.

దూరపు విలువల భయంతో ఎప్పుడూ మధ్యగతాన్నే ఎంచుకోనక్కరలేదని చెప్పడానికి చరిత్రలో చక్కటి ఉదాహరణ ఉంది. ఇంగ్లండులోని ప్లిమత్‌లో జరిగిన పశు ప్రదర్శనలో ఒక ఎద్దును చూపి, కోసి శుభ్రం చేసిన తరువాత దాని మాంసం ఎంత తూగుతుందో ఊహించే పోటీ పెట్టారు. బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ అందులోని 787 చీటీలను పరిశీలించి 1907లో నేచర్ అనే విజ్ఞానశాస్త్ర పత్రికలో ఫలితాలు ప్రకటించాడు. ఒక్కరి అసంబద్ధమైన ఊహ అందరి తీర్పునూ మార్చకూడదన్న ఉద్దేశంతో ఆయన మధ్యగతాన్ని ఎంచుకున్నాడు, అది 1207 పౌండ్లు. అసలు బరువు 1198 పౌండ్లు. ఆ తరువాత సగటు కూడా లెక్కిస్తే అది 1197 పౌండ్లు అని తేలింది. ఆయన తర్కం బలమైనదే, అయినా ఆ దత్తాంశంలో సగటే సత్యానికి దగ్గరగా నిలిచింది. ఎక్కువ ఊహలూ తక్కువ ఊహలూ ఒకదాన్నొకటి రద్దుచేసుకునే చోట సగటుకు అంత బలం ఉంటుంది.

అపోహ: మధ్యగతం అంటే జాబితాలో మధ్యన రాసి ఉన్న సంఖ్య.

విలువలను ఆరోహణ లేదా అవరోహణ క్రమంలో రాయకుండా మధ్యగతం లేదు. రాశుల సంఖ్య సరి అయినప్పుడు నడిమి రెండింటి సగటు తీసుకుంటాము కనుక మధ్యగతం దత్తాంశంలో లేని సంఖ్య కూడా కావచ్చు. వర్గీకృత దత్తాంశంలో, అంటే విలువలను తరగతులుగా విభజించి ఇచ్చినప్పుడు, మరొక చిక్కు ఉంది. తరగతులు 1-10, 11-20, 21-30 అని ఇచ్చినప్పుడు 11-20 మధ్యగత తరగతి (మధ్యగతం పడే తరగతి) అయితే, 10కీ 11కీ మధ్య ఖాళీని సగం చేస్తాము కనుక దిగువ హద్దు 10.5 అవుతుంది, 11 కాదు. తరగతి పొడవు 10, 9 కాదు. మూల్యాంకనంలో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

అపోహ: ప్రతి దత్తాంశానికీ ఒక బాహుళకం ఉంటుంది, అది అత్యధికుల విలువ.

విలువలన్నీ ఒక్కొక్కసారే వస్తే బాహుళకం ఉండదు. రెండు విలువలు సమానంగా, మిగతావాటికంటే ఎక్కువసార్లు వస్తే రెండు బాహుళకాలు ఉంటాయి. 7 అనే మార్కు 12 మందికి వచ్చిందంటే బాహుళకం 7, పౌనఃపున్యం (ఎన్నిసార్లు వచ్చిందన్న సంఖ్య) 12. విద్యార్థులు తరచుగా 12 అని రాస్తారు. బాహుళకానికి సగానికి మించిన సంఖ్య అవసరం లేదని చెప్పడానికి మన ఎన్నికలే సరిపోతాయి. వంద ఓట్లలో ముగ్గురు అభ్యర్థులకు 40, 35, 25 వస్తే 40 వచ్చినవారు గెలుస్తారు. ఆ ఫలితం బాహుళకమే, అరవై ఓట్లు మిగతా ఇద్దరికి పడ్డాయి. వర్గీకృత దత్తాంశంలో బాహుళకం మనం ఎంచుకున్న తరగతుల మీద కూడా ఆధారపడుతుంది. ఒకే మార్కుల జాబితాను ఒకసారి ఐదేసి, మరొకసారి పదేసి మార్కుల తరగతులుగా విభజించి లెక్కించమంటే వేర్వేరు జవాబులు రావచ్చు.

అపోహ: బాహుళకం = 3 × మధ్యగతం − 2 × సగటు అనేది నిరూపితమైన సూత్రం.

ఇది పరిశీలన నుండి పుట్టిన ఉజ్జాయింపు సంబంధం. ఒకే శిఖరం ఉండి, కొద్దిపాటి అసౌష్ఠవం గల (ఒక వైపుకు కాస్త సాగిన) విభాజనాల్లో దాదాపుగా సరిపోతుందని సాంఖ్యక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ గమనించాడు. పై రైతుల దత్తాంశానికి దీన్ని ప్రయోగిస్తే 3 × 2 − 2 × 10, అంటే బాహుళకం మైనస్ 14 ఎకరాలు! అసలు బాహుళకం 2. పరీక్షలో రెండు విలువలిచ్చి మూడవది కనుక్కోమన్నప్పుడు సంబంధాన్ని వాడవలసిందే, కాని అది ఎక్కడ పనిచేయదో ఒక్క ఉదాహరణతోనైనా చూపకుండా దాన్ని నేర్పడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: సగటు అంటే కూడి భాగించడమే, అందులో ప్రత్యేకంగా బోధించడానికి ఏమీ లేదు.

దేన్ని కూడాలి, దేనితో భాగించాలి అన్నదే అసలు పాఠం. 0, 6, 7, 8, 9 మార్కుల సగటు 6. సున్నా అంటే ఏమీ లేదు కదా అని దాన్ని వదిలేసిన విద్యార్థి 7.5 అంటాడు. పరీక్ష రాసి సున్నా తెచ్చుకోవడం ఒక విలువ, గైర్హాజరు కావడం విలువ లేకపోవడం. మార్కుల పట్టికలో ఈ రెండింటినీ ఒకే గడిలో ఒకే విధంగా నింపితే సగటే మారిపోతుంది. అలాగే 40 మంది ఉన్న సెక్షన్ సగటు 60, 20 మంది ఉన్న సెక్షన్ సగటు 75 అయితే రెండింటి ఉమ్మడి సగటు 67.5 కాదు. మొత్తం మార్కులు 2400, 1500 కలిపి 3900, వాటిని 60 మందితో భాగిస్తే 65 వస్తుంది. పాఠశాల నివేదికల్లో సైతం సగటుల సగటు తీసే పొరపాటు కనబడుతూనే ఉంటుంది.

క్రికెట్ ఇష్టపడే పిల్లలకు ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ డాన్ బ్రాడ్‌మన్ టెస్టు సగటును లెక్కగా ఇవ్వవచ్చు. ఆయన 80 ఇన్నింగ్స్‌లో 6996 పరుగులు చేశాడు. 80తో భాగిస్తే 87.45 వస్తుంది, కానీ ప్రపంచానికి తెలిసిన సగటు 99.94. పది ఇన్నింగ్స్‌లో ఆయన అవుట్ కాలేదు. బ్యాటింగ్ సగటును ఇన్నింగ్స్ సంఖ్యతో కాక అవుట్ అయిన సంఖ్యతో భాగించి కడతారు కనుక హారం 70 అయింది. ఈ హారం న్యాయమైనదేనా, అవుట్ కాకుండా మిగిలిన ఇన్నింగ్స్‌ను వేరే విధంగా లెక్కించవచ్చా అని తరగతిని రెండు జట్లుగా చేసి వాదించమనండి. ఆ వాదనలో ఏ జట్టు గెలిచినా, తరువాత వచ్చే ప్రతి సగటు లెక్కలోనూ హారం ఏమిటని పిల్లలే ముందుగా అడగడం మొదలుపెడతారు.