ఓడలో జబ్బుపడిన మనిషి, 120 రోజుల తగాదా

ఫిలిప్పీన్స్ నావికుల వైకల్య పరిహారం తీర్పులు నాలుగైదు చదివితే చాలు, ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మనిషికి జబ్బు ఎంత ముదిరింది అన్నదానికంటే, ఏ డాక్టరు ఏ తేదీన ఏ కాగితం ఇచ్చాడన్న దాని మీదే వాదనంతా నడుస్తుంది. మొదట్లో ఇలా లేదు.

మధ్యయుగాల్లో ఫ్రాన్స్ పడమటి తీరంలోని ఒలెరాన్ దీవి పేరుతో కొన్ని సముద్ర చట్టాలు వాడుకలో ఉండేవి. ఓడ పనిలో ఉండగా ఎవరికైనా జబ్బు చేస్తే కెప్టెన్ అతన్ని ఒడ్డుకు దింపి బస చూడాలి, రాత్రికి దీపం ఇవ్వాలి, చూసుకోవడానికి ఓడలోని ఒక కుర్రాణ్ని వదలాలి, లేదా కూలికి ఒక ఆడమనిషిని పెట్టాలి, ఓడలో తినే తిండే అతనికీ అందాలి. ఓడ అతని కోసం ఆగక్కర్లేదు. కానీ కోలుకుంటే జీతం ఇవ్వాలి, చనిపోతే ఆ డబ్బు భార్యకో దగ్గరివాళ్లకో చేరాలి. చీకట్లో ఒంటరిగా పడి ఉండకూడదని దీపం సంగతి కూడా రాసిపెట్టారు, అది నన్ను చాలా కదిలించింది. ఆ జబ్బు పని వల్లే వచ్చిందా అని అక్కడ ఎవరూ అడగలేదు. ఓడ కొలువులో ఉండగా వచ్చింది, అంతే చాలు.

ఇదే ఆలోచన తర్వాత అమెరికా కోర్టుల్లోకీ వచ్చింది. 1823లో జస్టిస్ జోసెఫ్ స్టోరీ ఇచ్చిన తీర్పు అందులో పేరున్నది. 1936లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం దీన్ని రాతలో పెట్టింది, అయితే దేశాలు కావాలంటే ఈ బాధ్యతకు గడువు పెట్టుకోవచ్చు, అది 16 వారాలకు తగ్గకూడదు అంది. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందంలోనూ ఆ 16 వారాలే ఉన్నాయి. మరి మనిషి మళ్లీ ఓడెక్కలేని పరిస్థితి వస్తే? ఆ పరిహారం ఎంత, ఎలా అన్నది ఆయా దేశాల చట్టానికి, ఉద్యోగ ఒప్పందానికి వదిలేశారు. అసలు చిక్కు అక్కడే పడింది.

ఫిలిప్పీన్స్ నుంచి ఓడెక్కేవాళ్లందరికీ ప్రభుత్వం తయారుచేసిన ఒకే ప్రామాణిక ఒప్పందం వర్తిస్తుంది. వాళ్లది శాశ్వత ఉద్యోగం కాదు, ఒక్కో ఒప్పందం కొన్ని నెలలకే ముగుస్తుంది. అందుకే జబ్బుపడి ఇంటికొచ్చినవాణ్ని ఎవరూ తీసేయనక్కర్లేదు, మళ్లీ పిలవకపోతే సరిపోతుంది. 1996 నాటి ఒప్పందంలో, ఒప్పంద కాలంలో జబ్బు వస్తే పరిహారం అని ఉండేది. 2000లో దాన్ని మార్చి 'పనికి సంబంధించిన' జబ్బు అన్న మాట చేర్చారు. చిన్న మాటే, కానీ భారమంతా అటు నుంచి ఇటు వచ్చి నావికుడి మీద పడింది. ఒప్పందంలో ఇచ్చిన వృత్తి జబ్బుల జాబితాలో లేని జబ్బును కూడా పని వల్ల వచ్చినట్టే మొదట అనుకోవాలి, కాదని కంపెనీ నిరూపించవచ్చు అని ఒక వెసులుబాటు ఇచ్చారు గానీ, కోర్టుకు వెళ్లాక దానికీ ఆధారాలు చూపించాల్సి వస్తూనే ఉంది.

గుండె జబ్బు సంగతే చూడండి. 2010 ఒప్పందం ప్రకారం బీపీ, షుగర్ ఉన్నట్టు ముందే తెలిసినవాళ్లు మందులు వేసుకున్నామని, డాక్టరు చెప్పిన జాగ్రత్తలు పాటించామని చూపించాలి. ఇంజిన్ రూమ్ వేడిలో షిఫ్టులు చేస్తూ, ఓడ వంటగదిలో ఏది వండితే అది తినే మనిషి దీన్ని ఎలా చూపిస్తాడు? అలా పాటించడానికి వీలైన వాతావరణం యజమాని కల్పించాలని ఆ పక్కనే రాశారు, ఆ వాక్యాన్ని ఇంకా గట్టిగా పట్టుకోవాలని నాకనిపిస్తుంది. ఓడెక్కే ముందు మెడికల్‌లో ఫిట్ అని ముద్ర వేశారు కదా అంటే, ఆ పరీక్ష లోతైనది కాదని కోర్టులే చాలాసార్లు చెప్పాయి.

ఇక రోజుల లెక్క. దిగిన మూడు పనిదినాల్లో కంపెనీ డాక్టరు దగ్గర హాజరు కావాలి, కాకపోతే హక్కే పోవచ్చు. ఆ డాక్టరే వైకల్యానికి గ్రేడు వేస్తాడు. ఒకటో గ్రేడంటే 60,000 డాలర్లు, పద్నాలుగో గ్రేడంటే 1,870. తేడా ఇంత ఉన్నప్పుడు, గ్రేడు వేసే డాక్టరును ఎంచుకునేది డబ్బు కట్టాల్సిన కంపెనీయే కావడం నాకు న్యాయంగా అనిపించదు. నావికుడి సొంత డాక్టరు వేరేలా చెబితే ఇద్దరూ ఒప్పుకున్న మూడో డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఆయన మాటే ఫైనల్. ఆ మూడో డాక్టరు దాకా వెళ్లకుండానే కేసు వేసి ఓడిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

120 రోజులన్నది ఆ దేశపు కార్మిక చట్టం నుంచి వచ్చింది. అన్ని రోజులకు మించి పని చేయలేకపోతే అది శాశ్వత పూర్తి వైకల్యమని అందులో ఉంది. 2005లో క్రిస్టల్ షిప్పింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఉన్నదున్నట్టే తీసుకుంది. 120 రోజులు దాటాయి కాబట్టి ఒకటో గ్రేడే అన్న వాదనతో కేసులు వచ్చాయి. 2008లో హమోనియా మారిటైమ్ కేసులో అదే కోర్టు, చికిత్స ఇంకా అవసరమైతే గడువు 240 రోజుల దాకా సాగుతుందంది, ఎందుకంటే పరిహారం నియమాల్లో ఆ అంకె కూడా ఉంది. రెండు అంకెల మధ్య ఏళ్ల తరబడి గందరగోళం నడిచాక, 2015లో ఎల్బర్గ్ కేసులో క్రమం తేల్చారు: కంపెనీ డాక్టరు 120 రోజుల్లో తుది నిర్ణయం చెప్పాలి, సరైన కారణం లేకుండా చెప్పకపోతే అది శాశ్వత పూర్తి వైకల్యమే, కారణం ఉంటే 240 దాకా ఆగవచ్చు. ఆ కారణం ఉందని కంపెనీయే నిరూపించాలి.

అదే 2015లో, విమానాశ్రయాల దగ్గర, ఆస్పత్రుల దగ్గర కాచుకుని కేసులు పట్టే దళారులను అడ్డుకోవడానికి ఒక చట్టం చేసి, నావికుడి తరఫున కేసు నడిపేవాళ్ల ఫీజు పరిహారంలో 10 శాతం మించకూడదన్నారు. కంపెనీల ఫిర్యాదు ఇంకోటి ఉంది: కింది స్థాయిలో గెలిచి డబ్బు తీసుకున్నాక పై కోర్టులో తీర్పు తిరగబడితే, ఆ డబ్బు తిరిగి రాదు. అది నిజమే. ఇచ్చిన డబ్బు అప్పటికే మందులకు, అప్పులకు ఖర్చయిపోయి ఉంటుంది.

దాని ఫలితమే 2024 సెప్టెంబర్‌లో సంతకమైన నావికుల మాగ్నా కార్టా చట్టంలోని బాండు నిబంధన. అప్పీలు తేలేలోపు వివాదంలో ఉన్న మొత్తం చేతికి రావాలంటే నావికుడు బాండు, అంటే తీర్పు తిరగబడితే ఆ డబ్బు తిరిగి వస్తుందన్న పూచీకత్తు, పెట్టాలి. నావికుల సంఘాలు దీన్నే గట్టిగా వ్యతిరేకించాయి. రెండేళ్లుగా జీతం లేక, గుండెకు స్టెంట్ వేయించుకుని ఇంట్లో కూర్చున్న మనిషికి అంత బాండు ఎవరు రాసిస్తారు, దేని పూచీ మీద రాసిస్తారు అన్నదే వాళ్ల ప్రశ్న.